ద్వారకా తిరుమల దారిలో నా బ్రేకులు

నన్ను మాట అన్నవాళ్లను నేను మర్చిపోను. ఏలూరులో నాకు పని నేర్పిన షెడ్డు యజమాని అందరి ముందూ, "నీ చేతిని నమ్మలేంరా, నువ్వు బిగించిన బండి నేనెక్కను" అన్నాడు. ఆ మాట మీదే బయటికొచ్చేశాను. తాడేపల్లిగూడెంలో రేకుల షెడ్డు వేసి సొంత వర్క్‌షాపు పెట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గర పనివాళ్లున్నారు. అయినా బ్రేకుల పని మాత్రం ఎవరికీ వదలను.

కిందటేడు, కొల్లేటి చెరువులకు చేపల మేత తోలే వ్యాపారి ఒకాయన తన వ్యాన్ తెచ్చాడు. చెరువు గట్ల బురదకి బ్రేకు పైపులు తుప్పు పట్టిపోయాయి. అన్నీ మార్చి ఇచ్చాను. పెద్ద రిపేరు అయ్యాక బండిని పూజకి తీసుకెళ్లడం మావైపు అలవాటు. ఆయన మర్నాడే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ద్వారకా తిరుమల వెళ్లాడు.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"ఏవండీ, మీరు చేసింది బ్రేకులాండీ, పిండివంటలాండీ? కొండ దిగుతుంటే పడలేదు. మట్టిగుట్టకి గుద్దించి ఆపాను. బండిలో పిల్లలున్నారండీ."

"ఎవరికైనా దెబ్బలు తగిలాయాండీ?"

"లేదు. మీ అదృష్టం."

పెడల్ కిందకి దిగిపోయిందా, గట్టిగా నిలబడిపోయిందా అని అడిగేలోపే పెట్టేశాడు.

నా షెడ్డుకి ఎదురుగా ఉన్న టీకొట్టుకి కూడా ఆయనే ఫోన్ చేసి చెప్పాడట. నేను రోడ్డు మీదకి రాగానే టీకొట్టాయన పలకరించాడు.

"మేస్త్రి గారూ, వ్యాన్ బోల్తా పడిందంట కదండీ."

"బోల్తా పడలేదు."

"పడకపోతే మంచిదేనండి. బ్రేకులు మాత్రం మీవేనంట కదా."

ద్వారకా తిరుమల బస్సులో కూర్చున్నంతసేపూ బిగించిన ప్రతి నట్టూ తలుచుకున్నాను. ఏది వదిలేశానో తెలియలేదు. ఏలూరు యజమాని అన్నది నిజమేనేమో అనిపించింది. ఆ పిల్లలకి ఏమైనా అయ్యుంటే మళ్లీ స్పానర్ పట్టేవాణ్ణి కాదు.

వ్యాన్ దిగుడు చివర మట్టిగుట్టకి ఆనుకుని ఉంది. బంపర్ వంగింది. కింద దూరి చూశాను. పైపులు పొడిగా ఉన్నాయి, ఎక్కడా ఆయిల్ కారలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కితే, పెడల్ కొంచెం దిగి ఆగిపోయింది. వంగి చెయ్యి పెట్టాను. పెడల్ కింద కొబ్బరిచిప్ప ఇరుక్కుని ఉంది. కుంకుమ ఇంకా చెదరలేదు.

చిప్ప తీసేసి తొక్కాను. ఎంత దిగాలో అంత దిగి నిలబడింది. మళ్లీ తొక్కాను. అలా తొక్కుతూనే ఉన్నాను.

"అర్థమైంది లెండి, ఇంక దిగండి," అన్నాడు పక్కన నిలబడ్డ వ్యాపారి. "పూజారి గారు ఇచ్చిన చిప్పండీ. డ్యాష్‌బోర్డు మీద పెట్టాను, దొర్లినట్టుంది. సరే, ఏదైతేనేం, బంపర్ సరిచేసి ఇవ్వండి."

ఏదైతేనేం అంటాడు.

"చేస్తానండీ. ముందు మీరు టీకొట్టుకి రండి. నా గురించి చెప్పింది అక్కడే కదా, ఇదీ అక్కడే చెప్పండి."

"ఇంత పట్టుదలేంటండీ మీకు?"

"వస్తారా, బంపర్ వేరేచోట చేయించుకుంటారా?"

వచ్చాడు. టీ గ్లాసు పట్టుకుని, అందరికీ వినపడేలా, "మేస్త్రి గారి బ్రేకులు బాగానే ఉన్నాయండీ. పెడల్ కింద కొబ్బరిచిప్ప పడింది," అన్నాడు.

"అయితే తప్పు దేవుడిదంటారా?" అన్నాడు టీకొట్టాయన.

"నాదేనండి. చిప్ప సంచిలో పెట్టమని మా ఆవిడ చెబుతూనే ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే బంపర్ సరిచేసి ఇచ్చాను.

పిండివంటల మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. అది నాకు గుర్తుంది. ఏలూరు మాటా గుర్తుంది. బ్రేకుల పని ముగించి చేతులు తుడుచుకునేటప్పుడు అది ఇప్పటికీ వినపడుతుంది. అప్పుడు బండెక్కి పెడల్ ఓసారి తొక్కి చూస్తాను. ఎంత దిగాలో అంత దిగి నిలబడుతుంది. దిగి టీకి వెళ్తాను.