తమ్ముణ్ణి ఎండలో కట్టేసిన రోజు

మా చిన్నప్పుడు... నువ్వుల కళ్ళంలో నాన్న మా తమ్ముణ్ణి రాటకి కట్టేశాడు. చొక్కా విప్పించి, మిట్టమధ్యాహ్నం. వాడికి ఆరేళ్ళు, నాకు పది.

గజపతినగరం దగ్గర పల్లె మాది. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వస్తున్న రోజులు. ఇంట్లో అందరం నలుపే... మా శీను ఒక్కడే పాలతెలుపు. జుట్టు, కనుబొమలు కూడా. వెలుతురు చూడలేక కళ్ళు చికిలించేవాడు. ఊళ్ళోవాళ్ళు "దొరబాబు" అని నవ్వేవారు. నవ్వినవాళ్ళకేం... ఆ మాట నాన్న చెవిన పడ్డప్పుడల్లా దెబ్బలు తినేది మా అమ్మ.

"ఈడు ఎవడికి పుట్టినాడో సెప్పు" అంటూ కావిడి బద్ద తీసేవాడు. ఓసారి అమ్మ ముంజేయి విరిగింది. నానమ్మ అరుగు మీద చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ "అడుగు, బాగా అడుగు" అనేది. ఆ ముసలిదాని మీద కోపం నాకిప్పటికీ చల్లారలేదు. ఎందుకంటే అమ్మ ఆవిడకి కోడలే కాదు, సొంత కూతురి కూతురు. నాన్న తన అప్ప కూతుర్నే, అంటే అక్క కూతుర్నే చేసుకున్నాడు. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుందని మా వైపు అదో గొప్ప.

ఆ రోజు కళ్ళంలో... "తాండ్ర ఎండకి నల్లబడదేటి? ఈడికీ రంగొస్తాది" అన్నాడు నాన్న. నిజంగానే నమ్మాడు! వాణ్ణి కట్టేసి, పక్కనే నువ్వుకట్టెలు దులుపుకుంటున్నాడు. వాడి భుజాలు కంది, బొబ్బలు లేచాయి.

"అప్పా, మండతన్నాది..."

ముడి విప్పబోతే నాన్న నన్నొక్క తన్ను తన్నాడు. లేచి ఇంటికి పరుగెత్తాను.

అమ్మ గంజి వంచుతోంది. నా మాట పూర్తికాకుండానే లేచి, గోడకి ఆన్చిన కావిడి బద్ద అందుకుని కళ్ళానికి పరుగెత్తింది. నాన్న వెనక్కి తిరిగేలోపు మోకాలి మీద ఒక్కటేసింది. పడ్డాక ఇంకోటి.

"మావా, ఇంక నా గుంటడి మీద సెయ్యేస్తే సంపెస్తాను!"

ఓలమ్మో, ఆ గొంతు... అలా అరుస్తూనే వాడి కట్లు విప్పింది.

మర్నాడు విజయనగరం వెళ్ళాం. రంగు రావడానికి మందుంటుందేమోనని నాన్నా కుంటుతూ వచ్చాడు. డాక్టరమ్మ బొబ్బలకి మందు రాసి, శీను కళ్ళలోకి లైటు వేసి చూసింది.

"దీన్ని ఆల్బినిజం అంటారు. ఇందులో రకాలున్నాయి. కళ్ళకి మాత్రమే వచ్చేది ఒకటుంది, అది ఎక్కువగా తల్లి నుంచి కొడుక్కి..."

"సూసినావా! నీ నుంచే!" అని నాన్న అక్కడే అమ్మ జుట్టు పట్టుకున్నాడు.

డాక్టరమ్మ బల్ల చరిచింది. "వదులు! మీ వాడిది ఆ రకం కాదు. ఒళ్ళూ జుట్టూ అంతా తెలుపే, చూడు. ఇది రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక్కటే ఉంటే పైకి కనపడదు. ఇంతకీ మీరిద్దరూ ఏమవుతారు?"

"మా అప్ప కూతురు..."

"అయితే ఒకే ఇంటి లోపం ఇద్దరికీ వచ్చుంటుంది. నీ నుంచి కూడా వస్తేనే ఇలా పుట్టాడయ్యా. ఎండకి రంగు రాదు, చర్మం కాలుతుంది."

నాన్న చెయ్యి జారింది. బస్సులో అమ్మ ఆరేళ్ళు ఊరికే దెబ్బలు తిన్నానే అని దారంతా ఏడ్చింది.

పోయినేడాది ఇంట్లో నా పెళ్ళి మాట వచ్చింది. "దీన్ని మేనమావకే ఇచ్చేద్దుం" అంది నానమ్మ... బుద్ధి రావద్దూ!

నాన్న లేచాడు. మూలనున్న ఆ కావిడి బద్దే తీశాడు. గుమ్మానికేసి కొడితే అది రెండు ముక్కలైంది.

"ఇంకో గుంటణ్ణి ఎండలో కట్టమంటావేటే అమ్మా?"

ఇన్నేళ్ళలో నాన్న నోట ఆ రోజు మాట రావడం అదే మొదలు. శీను టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. వాడి భుజాల మీద మచ్చలు అలాగే ఉన్నాయి.

అమ్మ ఆ ముక్కలు పొయ్యిలో పెట్టి అన్నం వండింది.

ఇప్పుడు మా ఇంట్లో కర్ర లేదు. నాన్నకి తప్పయిందనడం మాత్రం ఇంకా రాలేదు... మీ ఇంట్లో లేచిన కర్రని ఎవరు ఆపారు? ఆపినవాళ్ళ గురించి నాలుగు మాటలు రాయండి... చదవాలనుంది.