మాస్టు గాడిలో అట్టముక్కలు

మా చెల్లెలికి చిక్కడపల్లిలో, ముషీరాబాద్ వైపు పోయే ఒక సందులో, కాగితం గోదాము ఉంది. ఒకప్పుడు అది కట్టెల అడితి. ఇప్పుడు రేకుల కప్పు కింద నేల నుంచి పైదాకా కాగితం కట్టలే. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగే లావుపాటి మెటీరియల్ పుస్తకాలు ఉంటాయి కదా, వాటిని అచ్చువేసే ప్రెస్సులకు ఇక్కడి నుంచే కాగితం పోతుంది. ఒక నోటిఫికేషన్ పడిందంటే ఆమెకు ఊపిరి సలపదు. నేనేమో రోజూ పొద్దున్నే లైబ్రరీకి వచ్చి, పత్రికలన్నీ చదివి, వాటిలోని వారఫలాల మీద సంపాదకులకు కోపంగా ఉత్తరాలు రాసే మనిషిని. అందుకని ఆమె దృష్టిలో నేను ఎప్పుడు పిలిచినా రాగలిగిన అన్నను.

ఆ రోజు ఫోన్‌లో ఆమె గొంతు మామూలుగా లేదు.

"అన్నా, జర గోదాముకు రా. ఫోర్క్‌లిఫ్ట్ ఖరాబైంది. మనిషి బతికిండు, అదే పదివేలు."

వెళ్లేసరికి బండి గోదాము మధ్యలో నిలబడిపోయి ఉంది. దాని ముందు భాగాన రెండు నిలువు ఇనుప స్తంభాలుంటాయి. ఆ మొత్తాన్నీ మాస్టు అంటారు. స్తంభాల లోపలి వైపున పొడుగునా గాడి ఉంటుంది. సరుకును ఎత్తే రెండు ఇనుప నాలుకలు ఒక చట్రానికి తగిలించి ఉంటాయి. ఆ చట్రం గాడిలో పైకీ కిందికీ నడుస్తుంది. అలా నడవడానికి చట్రానికి రెండు పక్కలా, కిందా పైనా, పిడికిలంత బేరింగులు నాలుగు చక్రాల్లాగా బిగించి ఉంటాయి. వాటిలో ఒకటి పగిలిపోయింది. చట్రం ఒక పక్కకు ఒరిగి, పైనున్న కాగితం కట్ట జారి నేల మీద పడింది.

బండి నడిపే అతను పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి, ఈ గోదాములోనే బండి నేర్చుకుని స్థిరపడినవాడు. సరుకు సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని సీటు దిగి, ముందుకు వెళ్లి, తిరిగి రెండడుగులు వెనక్కి వేశాడట. కట్ట అంతకుముందు క్షణం అతను నిలబడిన చోటే పడింది. నేను వెళ్లేసరికి ఒక కట్ట మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

"దసరాకు బండికి పూజ చెయ్యలే సార్. గందుకే ఇట్ల అయింది," అన్నాడు.

మా చెల్లెలు కాదనలేదు. ఏటా ఆమె ఆ బండికి దండ వేసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టించేది. మొన్నటి దసరా ముందర ఆమె అత్తగారు పోయారు. మైల అని పూజ ఆపేసింది.

"నేనప్పుడే అనుకున్న అన్నా. వేరేటోళ్ల చేతనన్న చేపిస్తే అయిపోతుండె."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పూజ చేసిన ఏళ్లలో ఈ బండి ఎప్పుడూ చెడిపోలేదా?" అని అడిగాను.

"చెడిపోయింది సార్," అన్నాడతను.

"మరి?"

"అప్పుడు మనిషి మీదికి రాలే గద!"

నారాయణగూడ సభల్లో కులాంతర వివాహాల మీద, బాణామతి మీద, జాతకాల మీద జరిగిన వాదాలు వింటూ, తర్వాత నేనే వాదిస్తూ పెద్దవాణ్ణయ్యాను. ఇంత సూటి ఎదురుమాట ఏ వేదిక మీదా విన్నట్టు గుర్తులేదు. ఈలోగా మా చెల్లెలు తన పద్ధతిలో తీర్పు చెప్పేసింది.

"రేపు పొద్దుగాల మిల్లు లారీ వస్తది. ప్రెస్సులోళ్లు ఒకటే ఫోన్లు. ఇప్పుడు కొబ్బరికాయ కొడదాం, గదే నంబరు బేరింగు తెచ్చి ఏద్దాం. అయిపోతది."

నన్ను నిజంగా భయపెట్టింది ఆ మాటే. బేరింగు పగలడానికి కారణం పూజ లేకపోవడమే అని ఒప్పుకున్నామంటే ఇక వెతకాల్సిందేమీ ఉండదు. కొబ్బరికాయ పగులుతుంది, పగిలినదానిలాంటి బేరింగే మళ్లీ దాని చోట్లోకి వెళ్తుంది, ఇతను మళ్లీ దాని ముందు నిలబడతాడు. మన దేశంలో నీటి వల్ల వచ్చిన జ్వరానికి అమ్మవారిని తప్పుపట్టి అదే బావి నీళ్లు తాగినవాళ్లు ఎందరు! దేవుడున్నాడా లేడా అనే చర్చ ఎన్నాళ్లయినా ఆగుతుంది. బేరింగు ఎందుకు పగిలిందనే ప్రశ్న మర్నాటి లారీ దాకా కూడా ఆగదు.

"కొబ్బరికాయ నీ ఇష్టం," అన్నాను. "బేరింగు మాత్రం నేను తెస్తాను. ఎందుకు పగిలిందో తెలుసుకుని తెస్తాను."

"తొందరగ తే. సభ పెట్టకు," అంది.

పగిలిన ముక్కలను ఒక పాత పత్రికలో చుట్టి నారాయణగూడలో ఒక బేరింగుల దుకాణానికి వెళ్లాను. యజమాని పెద్దాయన. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, లోపలి రింగు మీద చెక్కి ఉన్న నంబరు చదివి, వెనక అర నుంచి కొత్త పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అంతా క్షణంలో అయిపోయింది. అదే నంబరు, అదే సైజు.

"ఇది ఎందుకు పగిలింది?" అన్నాను.

"బేరింగన్నంక పగుల్తది సార్. మనుషులే పోతున్నరు."

"మనుషులు పోవడానికి కూడా కారణం ఉంటుందండీ."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "డాక్టర్ సాబా?"

"కాదు. వ్యాసాలు రాస్తుంటాను."

"అచ్ఛా, గదీ సంగతి," అని నవ్వి, ముక్కలను మళ్లీ చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పాడు. "ఏ మిషన్లకెల్లి తీసిన్రు?"

"ఫోర్క్‌లిఫ్ట్ మాస్టు."

పెట్టె వెనక్కి తీసేసుకున్నాడు. "ముందుగాల్ల చెప్పొద్దా సార్! నంబరు చూపెడితె నంబరు ఇస్త. గిది నీళ్ల మోటర్ల ఏసేటిది."

ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. మోటారులో బేరింగు బయటి రింగు ఒక గూటిలో బిగుతుగా కూర్చుంటుంది. బరువును ఆ గూడు పంచుకుంటుంది కాబట్టి రింగు పలచగా ఉన్నా చెల్లుతుంది. మాస్టులో గూడు ఉండదు. బయటి రింగే చక్రం. అది గాడి ఇనుము మీద నేరుగా దొర్లుతూ, కట్టల బరువంతా ఒక్క చోట మోస్తుంది. అందుకని మాస్టుకు వేసే బేరింగు రింగు కడియంలా మందంగా ఉండాలి. ఎప్పుడో ఎవరో మెకానిక్కు, లోపలి రంధ్రం చట్రం మీది పిన్నుకు సరిపోయింది కదా అని మోటారు బేరింగు తెచ్చి ఎక్కించాడు. అది అన్నాళ్లు ఆగడమే గొప్ప.

పగిలిన వస్తువు మీద నంబరు స్పష్టంగా చెక్కి ఉంది. అందుకే అందరం దాన్ని నమ్మాం. ఇంతకుముందు అక్కడ ఉన్నది కాబట్టి అక్కడ ఉండవలసింది అదే అనుకున్నాం. ఆచారాలను సమర్థించేవాళ్లు నాతో నలభై రకాలుగా చేసిన వాదం సారాంశం అదే. దాన్ని ఒక నీళ్ల మోటారు బేరింగు రూపంలో చేత్తో పట్టుకుని చూస్తానని అనుకోలేదు. ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను.

అయితే పని అవలేదు. మందపాటి రింగున్న మాస్టు బేరింగుల్లోనే ఆయన మూడు సైజులు చూపించాడు. లోపలి రంధ్రం మూడింటికీ ఒకటే. బయటి కొలతలో వెంట్రుకవాసి తేడా.

"పాత బండి అంటున్రు. గాడి ఎంత అరిగిందో నాకేం తెలుస్తది? చిన్నది ఏస్తే చట్రం ఊగుతది, పెద్దది ఏస్తే నడిమిట్ల పట్టేస్తది. దొర్లాలె, కని కదిలితే సందు కండ్లకు ఆనొద్దు. మూడూ తీస్కపోండ్రి, సరిపోయింది ఉంచుకోండ్రి."

సాయంత్రానికి బండి అతను గొలుసు కప్పీతో చట్రాన్ని మాస్టు నుంచి విడదీసి పక్కన పెట్టాడు. గాడి ఖాళీగా కనిపిస్తోంది. మూడు బేరింగులూ పెట్టి చూశాం. మూడూ దొర్లుతున్నాయి, మూడూ సరిపోయినట్టే ఉన్నాయి. అంత సన్నటి తేడా కొలిచే పనిముట్టు మా దగ్గర లేదు.

అప్పుడు మా చెల్లెలు లోపలికి వెళ్లి కాగితం నమూనాల కట్ట తెచ్చింది. కొనడానికి వచ్చినవాళ్లకు చూపించే ముక్కలవి. పుస్తకాలు అచ్చువేసే పలచటి మాప్‌లితో కాగితం నుంచి పెళ్లిపత్రికల అట్ట దాకా ఉంటాయి. ఆమె ఏ కాగితాన్నయినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి రుద్ది మందం చెబుతుంది. ఒక అట్టను సన్నటి పట్టీలుగా కత్తిరించింది. బేరింగును గాడిలో ఒక గోడకు ఆనించి పట్టుకోమని అతనికి చెప్పి, రెండో గోడకూ బేరింగుకూ మధ్య పట్టీ దూర్చింది. చిన్న బేరింగుకు అట్ట మీద అట్ట దూరిపోయాయి. మధ్యదానికి ఒక అట్ట వదులుగా దూరింది. పెద్దదానికి పలచటి కాగితం మాత్రం వెళ్లి, లాగితే కొంచెం పట్టి వచ్చింది.

"ఇగో, పెద్దదే," అంది. ముఖం వెలిగిపోయింది.

అతను పెద్దదాన్ని తీసుకుని పిన్ను దగ్గరికి వెళ్తున్నాడు. నాకు వాదించే అలవాటు ఊరుకోనివ్వలేదు.

"ఎక్కడ కొలిచావు?"

"గాడిల, ఇంకేడ?"

"కింద కొలిచావు. పైన?"

"పైన వేరే ఉంటదా? ఒకటే ఇనుము."

"ఒకటే ఇనుము. కానీ బండి రోజూ ఎక్కువసార్లు ఎత్తేది కిందనే కదా. ఒక్కచోట చూసి అంతా అలాగే ఉంటుందని ఎట్లా అంటావు?"

"అబ్బ, మొదలుపెట్టిండు," అంది కానీ నిచ్చెన తెప్పించింది. పెద్ద బేరింగును అతను గాడిలో మెల్లగా పైకి జరుపుకుంటూ వెళ్లాడు. సగం దాటాక గట్టిగా నెట్టాల్సి వచ్చింది. ఇంకాస్త పైన అది బిగుసుకుని నిలబడిపోయింది. కింది గాడి అరిగి వెడల్పయింది, పైగాడి కొత్తదానిలాగే ఉంది. మధ్య బేరింగు మాత్రం కిందనుంచి పైదాకా ఆగకుండా నడిచింది. పైన పలచటి కాగితం పట్టింది, కింద అట్ట దూరింది. మధ్యదాన్నే ఖాయం చేశాం. ఆ రాత్రి భోజనం దగ్గర మా చెల్లెలు ఆ కథను తన పిల్లలకు తన గొప్పగా చెప్పింది. గొప్ప ఆమెదే కాబట్టి నేను సవరించలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి లారీ సందు నిండా నిలబడి హారన్ కొడుతోంది. వెనక ఆటోలవాళ్లు తిడుతున్నారు. లోపల కొత్త బేరింగు చట్రానికి ఎక్కింది. ఇక చట్రాన్ని గాడిలోకి ఎక్కించడమే మిగిలింది. బండి అతను గొలుసు పట్టుకున్నవాడల్లా ఆగిపోయాడు.

"అక్కా, తక్కినయి చూడలే."

"తక్కినయి మంచిగనే ఉన్నయి గద, పగల్లే."

"గది గూడ మొన్నటిదాంక పగల్లే," అన్నాడు. నా వైపు తిరిగి, "మీరే అంటిరి గద సార్, ఒక్క జాగల చూసి అంత గట్లనే అనొద్దని. ఒక్కటి తప్పుది ఏసినోడు ఇంకోటి ఎయ్యలేదని ఏం గ్యారంటీ?"

ఆ మాటకు నేను పొంగిపోయాను. నా జీవితంలో చప్పట్లు చాలా విన్నాను. విన్నవాళ్లు బయటికి వెళ్లి ముహూర్తాలు పెట్టించుకోవడమూ చూశాను. ఇతను నా మాట మీద చప్పట్లు కొట్టలేదు, ఆ మాట పట్టుకుని నేను కూడా వెళ్లని చోటికి వెళ్లాడు.

లారీ డ్రైవరు లోపలికి వచ్చేశాడు. "అక్కా, దింపుకుంటరా, మల్ల మిల్లుకే తీస్కపోవాల్నా?"

మా చెల్లెలు ఒక్క క్షణం లారీ వైపూ ఒక్క క్షణం బండి వైపూ చూసింది. ఆమెకు ఆ కాగితం ఎంత అవసరమో నాకు తెలుసు. ప్రెస్సువాళ్ల ఫోను ఆమె చేతిలోనే మోగుతోంది.

"ఉండు తమ్మీ, చాయ్ తాగు. మనిషి కూసునే బండి అది," అని ఫోను కట్ చేసి, కిరసనాయిలు డబ్బా తెచ్చి తనే కింద కూర్చుంది.

మిగిలిన మూడు బేరింగుల మీద గ్రీజు గట్టి కట్టి ఉంది. అతను వాటిని విప్పి ఇస్తే ముగ్గురం తలా ఒకటి తుడిచాం. ఆమె తుడిచినదీ నేను తుడిచినదీ మందపాటి రింగులే. అతని చేతిలోనిది శుభ్రమయ్యాక వేలితో అంచు తడిమి, మా ముందు పట్టుకున్నాడు. రింగు పలచగా ఉంది. దాని మీద వెంట్రుకలాంటి చీలిక అడ్డంగా పోయింది.

మా చెల్లెలు దాన్ని చేతిలోకి తీసుకుని ఆ చీలిక మీద గోరు నడిపింది. "ఇది ఎన్ని పూజలు చూసిందో," అంది మెల్లగా. ఇది ఆమె నాతో అనలేదు.

నేను చేరేసరికి నారాయణగూడ పెద్దాయన అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. రెండో మధ్యసైజు బేరింగు తెచ్చాను. దానికీ కిందా పైనా కాగితం దూర్చి చూశాం. చట్రాన్ని ఎక్కించి, ఖాళీ నాలుకలను పైకీ కిందికీ నడిపించాం. డ్రైవరు రెండో చాయ్ పట్టుకుని గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

"పూజ?" అని నేనే అడిగాను, అతన్ని ఏడిపిద్దామని.

"దసరా వచ్చినప్పుడు అక్క చేస్తది," అన్నాడు సీటు మీద కూర్చుంటూ. "జర పక్కకు జరుగుండ్రి సార్."

లారీలోంచి మొదటి దొంతర ఎత్తాడు. గోదాములోకి తెచ్చి, అందరూ దూరంగా ఉన్నారో లేదో చూసుకుని, మీట లాగాడు. కట్టలు వంగకుండా, గలగల లేకుండా, గోడ పక్కనున్న అరల్లో అన్నిటికన్నా పైదాని ఎత్తుకు లేచి నిలిచాయి. అతను సీటులోంచే తలెత్తి ఆ ఎత్తును కాసేపు చూసి, దొంతరను అరలోకి నెట్టి, రెండోదానికి బయలుదేరాడు.