ఎనిమిది వారాల ఒకటో పాఠం

2007 జూలైలో నన్ను జెట్టీ పని నుంచి తప్పించి శిక్షణ విభాగంలో అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. మాది విశాఖపట్నం రేవులో ఓడలకు సరుకు ఎక్కించి దించే ప్రైవేటు కంపెనీ. ఆఫీసు వన్ టౌన్‌లో. శిక్షణ విభాగమంటే నేను, ఒక ఏసీ గది, ఒక హాజరు రిజిస్టరు. ఎవరికి ప్రమోషన్ రావాలన్నా ఏడాదికి ఇన్ని గంటల శిక్షణ అయినట్టు ఆ రిజిస్టరులో ఉండాలి. ఏ శిక్షణ అన్నది మాత్రం నిబంధనల్లో లేదు.

ఆ లోటు మా జనరల్ మేనేజరు తీర్చారు. ప్రపంచమంతా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇంటర్నెట్లో ఆడియో పాఠాలు వింటూ లాటిన్ నేర్చేసుకుంటోందని ఆయన ఎక్కడో చదివారు. బ్రెజిల్లో బ్యాంకు గుమాస్తాలు నేర్చుకుంటుంటే మన వించ్ ఆపరేటర్లు ఎందుకు వెనకబడాలని నన్ను పిలిచి అడిగారు. మా రేవుకొచ్చే ఓడల మీద ఉండేది ఫిలిప్పీన్స్ వాళ్లు, కొరియా వాళ్లు. లాటిన్ మాట్లాడే కెప్టెన్ నా సర్వీసు మొత్తంలో ఒక్కడూ తగల్లేదు.

"మంచి ఆలోచన సార్" అన్నాను.

ఎనిమిది వారాలు, వారానికో పాఠం. ఆఫీసులో ఇంటర్నెట్ నుంచి ఆడియో దించుకోవాలంటే కంప్యూటర్ విభాగం అనుమతి కావాలి. వాళ్లు మొదటి పాఠానికి ఇచ్చి, మిగిలినవాటిని పాటల కింద జమకట్టి ఆపేశారు. రెండుసార్లు నోట్ పెట్టాను, జవాబు లేదు. కార్యక్రమం ఆపితే జీఎం గారికి కోపం వస్తుంది కనుక ప్రతి శుక్రవారం ఒకటో పాఠమే వేశాను. అభిప్రాయ పత్రాలు మా ఆనవాయితీ ప్రకారం మొదటి రోజే, పాఠానికి ముందే, సమోసా పొట్లంతో పాటు ఇచ్చి నింపించుకున్నాం. ఆఖరి రోజు దాకా ఆగితే జనం దొరకరు. "పాఠాలు వారం వారం మెరుగయ్యాయి" అని అందరూ రాశారు. అప్పలరాజు ఒక్కడే "ఇంకా వినలేదు" అని రాశాడు.

అప్పలరాజుది ఎలమంచిలి దగ్గర రైతు కుటుంబం. రోజూ ప్యాసింజర్‌లో వచ్చి, ఓడ మీద బరువులెత్తే వించ్ నడిపేవాడు. ఫోర్‌మన్ ఇంటర్వ్యూకి అతనికి సరిగ్గా ఈ గంటలే తక్కువ. మూడో వారం లేచి, పాఠం వినబడుతున్న స్పీకరు వైపు చెయ్యి చూపించాడు.

"ఏటీ అనుకోకండి సార్. పోయిన శుక్రారం కూడా ఈడు ఇదే సెప్పినాడు కదా?"

పునశ్చరణ అన్నాను. వెనక వరసలో నిద్రపోతున్న ఆపరేటరొకడు కళ్లు తెరవకుండానే, "కూకో బావా, సమోసా తినీసినావు కదా" అన్నాడు.

ఆఖరి రోజు జీఎం గారే నోటి పరీక్ష పెట్టారు. జవాబుల కాగితం నేను తయారు చేసిందే, ఒకటో పాఠం లోంచి. ఇరవై మంది వరసగా లేచి "సాల్వే" అని లాటిన్‌లో నమస్కారం చెప్పారు. జీఎం గారి కళ్లు చెమర్చాయి. అప్పలరాజు మాత్రం సాల్వే దగ్గర ఆగలేదు. గడగడా రెండు నిమిషాలు మాట్లాడాడు. జీఎం గారు నా కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. అందులో అదేదీ లేదు. ఏం చెప్పావని అడిగారు.

"మా ఊరి గురించి, రైలు గురించి సెప్పినాను సార్. ఇక్కడ ఒకటో పాఠమే ఏసినారు. మిగతాయి నాను ఎలమంచిలి నెట్ సెంటర్లో ఇన్నాను. ఇప్పుడు పదోది అవుతంది."

జీఎం గారు నా వైపు చూశారు. నిజం చెబితే నా మెడకు చుట్టుకుంటుంది.

"కాస్త గందరగోళపడ్డాడు సార్" అన్నాను.

జవాబు కాగితంతో సరిపోలలేదని, బయట నేర్చుకున్నది కంపెనీ శిక్షణ కిందికి రాదని ఆయన తేల్చారు. అప్పలరాజు గంటలు రద్దయ్యాయి. రిజిస్టరులో అతని పేరు మీద గీత కొట్టింది నేనే. ఆ ఏడు ఫోర్‌మన్ పోస్టు, వెనక వరసలో నిద్రపోతూ అతన్ని కూకోమన్న ఆపరేటరుకి వచ్చింది.

తర్వాత చాలా రోజులు గేటు దగ్గర అప్పలరాజు కనబడితే సిగ్గేసి ముఖం చాటేసేవాణ్ని. ఒకసారి అతనే ఆపాడు.

"ఇరవయ్యో పాఠం అయిపోనాది సార్" అన్నాడు, కోపమేమీ లేకుండా.

ఆ విభాగంలో ఆరేళ్లు చేశాను. ఎవరు ఏం నేర్చుకున్నారో నా రిజిస్టరు చూసి చెప్పలేమని అప్పుడే తెలిసింది. అప్పలరాజుకి లాటిన్ వచ్చింది. "తప్పు నాది సార్" అని జీఎం గారి ముందు తెలుగులో చెప్పడం నాకు రిటైరయ్యేదాకా రాలేదు.