సాక్షితో ద్రాక్షతోటకు

చిన్నమ్మ పోయిందన్న మాట నేను వెంటనే నమ్మలేదు. మహబూబ్‌నగర్‌లో మా వీధి చివరి కిరాణా దుకాణంలో ఫోన్ ఉంది. చిన్నమ్మ వాళ్ల ఊరు కోస్గి నుంచి ఫోన్ వచ్చిందని దుకాణమాయన మనిషిని పంపితే చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. సంగతి విని, ‘‘ఎవరు చెప్పిన్రు? కండ్లార చూసి చెప్పిన్రా, విని చెప్పిన్రా?’’ అని అడిగాను. అడిగిన తరువాత గానీ తట్టలేదు, అది నా ప్రశ్న కాదు, చిన్నమ్మది. ఊళ్లో ఎవరు పోయారన్నా ఆమె మొదట అడిగే మాట అదే. ఇక ఆ దుకాణం మెట్టు మీదే కూలబడి ఏడ్చాను.

మట్టి చేసి వచ్చాక వాకిట్లో కూర్చున్న చుట్టాలు ఆమె అనుమానాల గురించి చెప్పుకుని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఒకాయన, ‘‘పాపం, పుట్టినకాడికెల్లి ఒక్కరిని నమ్మలే’’ అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. చావింట్లో గొడవెందుకని ఊరుకున్నాను. ఊరుకున్న మాటే ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. టీచరు ఉద్యోగమిచ్చి నన్ను కోస్గిలో వేసినప్పుడు, పెళ్లికాని పిల్ల ఒంటరిగా ఎలా ఉంటుందని బాపు దిగులుపడితే, తన ఇంటి పక్కనే కిరాయికి గది చూసింది. కుదుర్చుకునే ముందు నన్ను లోపల పెట్టి గొళ్లెం వేసుకోమని, బయటి నుంచి భుజంతో తలుపు నెట్టి చూసింది. గొళ్లెం ఊడి చేతికొచ్చింది. ఇంటాయన నోరు తెరిచేలోగా, ‘‘మంచోనివే గావచ్చు. అయినా అడిగితే ఏం పోతది, సూస్తే ఏం పోతది?’’ అంది. కొత్త గొళ్లెం పడ్డాకే నా పెట్టె గదిలోకి పోయింది.

బస్సెక్కితే ఎక్కడికి పోతుందని కండక్టరును అడిగేది, ఆయన చెప్పాక పక్క సీటామెను అడిగేది, ఆమె చెప్పాక డ్రైవరునూ అడిగేది. పాలు గోటి మీద వేసి చూసేది. కుండ కొంటే వేలితో మోగించి, నీళ్లు పోయించి, అది మంచిదేనని తేలాక కుమ్మరామె ముఖంలోకి చూసి, ‘‘గింత మంచిది నాకెందుకు ఇస్తున్నవు?’’ అనేది. కోస్గి అంగట్లో ఆమె కనిపిస్తే వ్యాపారులు తామే ముందుగా ఒట్టు పెట్టుకునేవారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినయన్న సామెత ఆమె నోట్లో ఎప్పుడూ నానుతుండేది.

నా పెళ్లి సంబంధం కూడా ఆమె చేతుల మీదుగానే తేలింది. ఎవరికీ చెప్పకుండా పిల్లగాని ఊరికి పోయి, దాహమని ఆ వీధిలో ఇంటింటా మంచినీళ్లు అడిగి తాగుతూ కూపీ లాగి వచ్చింది. ‘‘మంచోడే. చేస్కో. నౌకరీ మాత్రం ఇడువకు’’ అంది. పెళ్లయ్యాక మా అత్తగారింట్లో మానెయ్యమని ఎంత పోరు పెట్టినా నేను మానలేదు. ఇవాళ నా పిల్లలకు అన్నం పెడుతున్నది ఆ రెండో మాటే.

అయితే చెప్పదలచింది వేరే. చిన్నాయిన, అంటే ఆమె మొగుడు, వయసులో ఉన్నన్నాళ్లూ కాల్వల పని మీద దేశాలు తిరిగి, మోకాళ్లు అరిగాక ఇంటికొచ్చి మార్కెట్లో కావలి పని చేసేవాడు. నోట్లోంచి మాట ఊడిపడితే పండగే. నా పెళ్లికి ముందు, ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో, ఒకనాడు బడి గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు.

‘‘జర పనుంది బిడ్డా’’ అన్నాడు. చాలాసేపు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ‘‘నాతోని పనిజేసిన భాయ్ ఒకాయన ఉన్నడు. గిప్పుడు షాద్‌నగర్ అవతల ద్రాక్షతోటకు కావలున్నడు. పండ్లు పండినయి, భాభీని తోల్కొని రా, రెండు దినాలు ఆరాంగ ఉండిపోండ్రి అని కబురు వంపిండు. మీ చిన్నమ్మను తీస్కపోదామని.’’

‘‘తీస్కపోండ్రి చిన్నాయినా. మంచిదే గదా?’’

‘‘నేనంటే ఒస్తదా? నువ్వే చెప్పాలె.’’

‘‘ఆడికి పోయి ఏం చేస్తరు?’’

ఆయన తల వంచుకుని, ‘‘పందిరి కింద మంచమేస్తరంట. ఊకె కూసుంటం. ఇద్దరం, ఏం పనిలేకుంట, ఊకె కూసుంటం. గంతే’’ అన్నాడు.

కొత్తగా పెళ్లయినవాళ్లు సైతం యాదగిరిగుట్టకో మన్నెంకొండకో పోయి మొక్కు తీర్చుకుని రావడమే షికారు అనుకునే రోజులవి. బిడ్డ పెళ్లి చేసిన మనిషి పెళ్లాంతో ఊరికే కూర్చోవడానికి ఊరు దాటి పోతానంటున్నాడు. నాకు ముచ్చటేసింది. హోళీ సెలవు ఆదివారంతో కలిసొస్తోంది, ఆ రెండు రోజులకు పొమ్మన్నాను. కోస్గి నుంచి పరిగి బస్సు, అక్కణ్నుంచి షాద్‌నగర్ బస్సు అని దారి కూడా చెప్పాను. కొత్త చీర కొననా అని అడిగితే మాత్రం వద్దే వద్దన్నాను. చిన్నమ్మ సంగతి నాకు తెలియదా.

విన్నాడు కాదు. ఆకుపచ్చ చీర కొనుక్కుని ఇంటికి పోయాడు. నేను పోయేసరికి చిన్నమ్మ చేటలో కందులు చెరుగుతోంది. చీర కట్ట విప్పకుండా గూట్లో పడి ఉంది.

‘‘ద్రాక్షతోటకు పోదామన్నడు. నీకెర్కేనా?’’ అంది. ఎరుకేనన్నాను.

‘‘ఏమన్నడు? ఇద్దరం అన్నడా, జోడి అన్నడా?’’

మా పాలమూరు వాళ్లకు ఇందులో విడమరిచి చెప్పేదేమీ లేదు. తక్కినవారికి చెప్పాలి. డ్యాములకూ కాల్వలకూ మా దగ్గరి నుంచి కూలీలను తోలుకుపోయే మేస్త్రీలు మనుషుల్ని జోడీల్లో లెక్కేసేవారు. మొగుడు తవ్వితే పెళ్లాం తట్ట మోయాలి, పెళ్లాం లేని మగవాడు వాళ్లకు పనికిరాడు. మొగుడూ పెళ్లాం కలిసి పోతున్నారంటే ఎందుకని మా ఊళ్లలో ఎవరూ అడగరు, ఏ డ్యాముకని అడుగుతారు. చిన్నాయిన మళ్లీ ఎవరో మేస్త్రికి జోడీ వస్తుందని మాటిచ్చాడని ఆమె అనుమానం. తోటలో పండ్లు కోతకొచ్చాయంటే కూలీలు కావాలి కదా.

‘‘ఆయన అట్లెందుకు చేస్తడు చిన్నమ్మా?’’ అన్నాను.

ఆమె చేట ఆపలేదు. ‘‘పెండ్లయిన కొత్తల, కృష్ణ సూపిస్త పా, నీళ్లు సముద్రమోలె ఉంటయన్నడు. గిట్లనే కొత్త చీర తెచ్చిండు. నేను దువ్వెన, కాటుక కాయ వట్టుకొని తయారైన. లారీ ఎక్కినంక సూస్తె అందరు జోడీలే. మేస్త్రికి ముందే మాటిచ్చిండు. కృష్ణను సూసిన, అబద్ధమెందుకు. నెత్తి మీద తట్టవెట్టుకొని సూసిన.’’ కందుల్లోంచి రాయి ఏరి పారేసింది. ‘‘నీళ్లోసుకొని ఉంటి అప్పుడు. ఆడనే పాయె.’’

కడుపు పోయిన ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు.

‘‘అప్పటి మాట ఇప్పుడెందుకు? ఈసారి నిజమే కావచ్చు.’’

‘‘కావచ్చు. అప్పుడు గూడ గింత తియ్యగనే చెప్పిండు.’’ చేట పక్కన పెట్టి, ‘‘నువ్వొస్తే వస్త’’ అంది.

‘‘మీ మొగుడు పెండ్లాల నడుమ నేనెందుకు?’’

‘‘సాక్షి.’’

అలా ముగ్గురం బయల్దేరాం. చిన్నాయిన గడ్డం గీయించుకుని, ఉతికిన ధోతి కట్టుకుని, పెళ్లికొడుకులా బస్సులో ముందు కూర్చున్నాడు. చిన్నమ్మ ఒళ్లో మూట ఉంది. మధ్యలో బిస్కెట్ల కోసం ముడి విప్పితే చూశాను. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, కారప్పొడి, తట్టకింద పెట్టుకునే సుట్టబట్ట, చీర మీద తొడుక్కుని పనిచేయడానికి మగవాళ్ల పాత అంగీ ఉన్నాయి. కొత్త చీర ఇంట్లోనే ఉంది. ‘‘ఈపాలి తయారుగనే పోతున్న’’ అంది నా చూపు గమనించి.

అంత పచ్చదనం నేను ఊహించలేదు. చుట్టూ ఎర్రటి చెలకలు ఎండలో మాడుతుంటే, రాతి కడీల మీద తీగల పందిరి కనుచూపు మేర పరుచుకుని ఉంది. కింద చల్లగా నీడ, నెత్తికి తగిలేటంత కిందికి గుత్తులు. భాయ్, ఆయన భార్య ఎదురొచ్చి చేతులు పట్టుకుని తీసుకుపోయారు. మోటరు గది పక్కన పందిరి కింద నవారు మంచం వేసి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచారు. చిన్నమ్మ ఆ మంచాన్ని చూసిన చూపు, కుండను చూసే చూపే.

కూర్చోలేదు. గుత్తులు కోస్తున్న ఆడవాళ్ల దగ్గరికి పోయి మీదే ఊరు, మీ మేస్త్రి ఎవరు, ఎప్పుడొస్తడు అని అడిగింది. తోట కొసన నల్ల ద్రాక్ష ఉంటే, అవి వైను తయారుచేసే దగ్గరికి పోతాయని భాయ్ చెప్పాడు. ఇక దానితో ఇంకో అనుమానం మొదలైంది. భాయ్ భార్య గ్లాసుల్లో రసం తెస్తే ముందు వాసన చూసింది, తరువాత చిన్నాయిన చేత తాగించింది, ఆ తరువాత ఆయన నోరు వాసన చూసింది. భాయ్ పడీపడీ నవ్వాడు. చిన్నాయిన మాత్రం చంటిపిల్లవాడిలా నోరు తెరిచి చూపించాడు. ఆ రాత్రి ఆమె మూట తలకింద పెట్టుకుని నా పక్కన పడుకుంది.

తెల్లవారి లేచేసరికి చిన్నమ్మ చీర మీద అంగీ తొడుక్కుని ఉంది. అప్పుడే స్కూటరు మీద తోట మేనేజరు వచ్చాడు. హోళీకని కూలీలు సగం మంది రాలేదు, ఆయన చిరాకులో ఉన్నాడు. అంగీలో ఉన్న చిన్నమ్మను, ఆమె వెనక చిన్నాయినను చూసి ముఖం విప్పారింది.

‘‘జోడియేనా? ఏ ఊరు మీది? మంచి టైముకు వచ్చిన్రు. గంపలు మోయనీకి మనుషులు లేరు, నడువుండ్రి.’’

చిన్నమ్మ ఆయన వంక చూడలేదు. చిన్నాయిన వంకే చూసింది. ఆమె చేతిలో సుట్టబట్ట చుట్టలు తిరుగుతోంది. భాయ్ ఏదో చెప్పబోతే చిన్నమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ జవాబు భాయ్ నుంచి ఆమెకు అక్కర్లేదు.

చిన్నాయిన దొరల ముందు, సార్ల ముందు ఎప్పుడూ తలపాగా తీసి నిలబడే మనిషి. అలవాటుగా అప్పుడూ తీశాడు. తీసి, ‘‘మేం పనికి రాలే సార్’’ అన్నాడు.

‘‘మరెందుకొచ్చిన్రు?’’

‘‘నా పెండ్లాంను కూసుండవెట్టనీకి తోల్కొచ్చిన.’’

మేనేజరు నవ్వాడు. ‘‘కూసుండవెట్టనీకా? నువ్వన్న రా మరి, ఒక్క పూట.’’

‘‘రాను సార్. నేను గూడ పక్కన కూసుంటనని ఆమెకు మాటిచ్చిన.’’

మేనేజరు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. చిన్నమ్మ నా చెవి దగ్గరికి వంగి, ‘‘గిదంత ముందే మాట్లాడుకున్నరా?’’ అంది. లేదని నేను ఒట్టు వేశాను. భాయ్ భార్యను అడిగింది, ఆమె అల్లా మీద ఒట్టు వేసింది. చిన్నమ్మ కాసేపు నిలబడి అంగీ విప్పింది, మడతపెట్టింది, మంచం అంచున కూర్చుంది. చిన్నాయిన ఆ చివర కూర్చున్నాడు. నేను భాయ్ భార్యతో పక్క వరసలో పండ్లు ఏరుతున్నాను, వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

తరువాత ఆయన ఒక గుత్తి తెంపి తినమన్నాడు. ముందు నువ్వు తినమంది. ఆయన తిన్నాక ఆమె తింది.

‘‘కృష్ణకు పోయినప్పుడు,’’ అంది చిన్నమ్మ, ‘‘పనికని నీకు ముందే ఎర్కేనా?’’

ఇన్నేళ్ల కాపురంలో అడగని మాట.

‘‘ఎర్కే’’ అన్నాడు చిన్నాయిన.

‘‘మరెందుకు చెప్పలే?’’

‘‘చెప్తే రావని.’’

చిన్నమ్మ ఇంకో పండు నోట్లో వేసుకుంది. ‘‘చెప్పినా వస్తుంటి’’ అంది.

చిన్నాయిన తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఆమె ఊరుకోమనలేదు, దగ్గరికి జరగలేదు, లేచీ పోలేదు.

ఎవరినీ నమ్మలేదన్న ఆ చుట్టం అప్పుడు అక్కడ ఉండి ఉంటే బాగుండేది. నమ్మడం ఆమెకు తెలియక కాదు. ఒకసారి నిండుగా నమ్మిన మనిషి ఆమె. మళ్లీ నమ్మడానికి అడగాల్సినవన్నీ అడిగింది, ఆఖరికి అసలుది కూడా అడిగింది. నిజమే చెప్పాడు గనక సరిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి వాళ్ల దగ్గరికి పోయాను. చిన్నమ్మ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని నిద్రపోతోంది. పట్టపగలు ఆమె నిద్రపోగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. చిన్నాయిన మంచం అంచున కదలకుండా కూర్చుని ఉన్నాడు. అరిగిన మోకాలు తిమ్మిరెక్కినట్టుంది, ముఖం మీద చెమటలు పోస్తున్నాయి. అన్నానికి రమ్మంటే వద్దని సైగ చేసి, కిందికి చూడమన్నాడు. ఆయన ధోతి కొంగు చిన్నమ్మ గుప్పిట్లో ఉంది. గట్టిగా, వేళ్లు తెల్లబడేటంత గట్టిగా పట్టుకుని ఉంది.

‘‘నేను కదిలితె లేస్తది. ఉండనీ’’ అన్నాడు చిన్నాయిన. పండ్ల వాసనకు కందిరీగలు ముసురుతుంటే, ఒక చేత్తో తువ్వాలు మెల్లగా విసురుతూ పొద్దువాలేదాకా అలాగే కూర్చున్నాడు.