ఆర్విల్ నిలబడిన మూల

క్లీవ్‌లాండ్‌లో బస్సు దిగి లైబ్రరీ వైపు నడిచే మా అందరికీ ఆర్విల్ టిబ్స్ పదకొండేళ్లపాటు పొద్దున్నే ఎదురయ్యాడు. ఇల్లు లేనివాళ్లు అమ్ముకు బతికే వీధి పత్రిక అమ్మేవాడు. మెడలో గుర్తింపు కార్డు, వేళ్లు కత్తిరించిన చేతి తొడుగులు, మొదటి పేజీ మనకు కనబడేలా గుండెల మీదికి ఎత్తి పట్టుకున్న పత్రిక. ఊరి పక్కనున్న సరస్సు మీంచి ఎంత చలిగాలి కొట్టినా ఆ చెయ్యి దిగేది కాదు. ఎవరైనా రెండు డాలర్లు చేతిలో పెట్టి ఊరికే వెళ్లబోతే, "ఏమ్మా, పేపరెవరు తీసుకుంటారు? నేనేమన్నా అడుక్కుంటున్నానా?" అని వెంటపడి మరీ ఇచ్చేవాడు. ఆ కేక వినకపోతే మాకు తెల్లవారినట్టే ఉండేది కాదు.

పోయిన చలికాలం అతనికి ఉండడానికి గది దొరికింది, పత్రిక అమ్మడం మానేశాడు. ఒక వీధి మూలకు ఒక్కరే అమ్మాలని పత్రికవాళ్ల నియమం; అతని మూల వనీటా అనే కొత్తావిడకు వచ్చింది. వారం తిరక్కుండా ఆర్విల్ నున్నగా గడ్డం గీసుకుని వచ్చి, ఆమె దగ్గర పత్రిక కొన్నాడు. మడిచి చంకలో పెట్టుకోవడం పోయి, అలవాటుగా గుండెల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. దారినపోయే ఒకాయన రెండు డాలర్లిచ్చి దాన్ని పట్టుకుపోయాడు. ఆర్విల్ తెల్లబోయి, ఆ డబ్బుతో ఇంకోటి కొన్నాడు. అదీ అలాగే పోయింది. మూడోసారికి వనీటా నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇది నా మూల, పెద్దాయనా! చదువుకోవాలంటే ఇంటికి పో."

"ఇంటికా?" అన్నాడు ఆర్విల్, ఇంకెవరి ఇంటి మాటో అన్నట్టు. కాసేపటికి చెయ్యి దించి, జేబులో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.