బతికున్న మామగారు

మలేషియాలోని తైపింగ్‌లో ఏ లాయరు మెట్లెక్కినా, సగంలో ఆగి మోకాళ్ళు నొక్కుకుని, బిస్కెట్ల డబ్బాను గుండెకు హత్తుకుని మళ్ళీ ఎక్కుతుంది గెక్ సిమ్. డబ్బాలో పోయిన భర్త వీలునామా, ఇంటి పట్టా ఉంటాయి. ఇవాళ్టి లాయరు నాలుగోవాడు. "ఆంటీ, ఇల్లింకా మీ మామగారి పేరునే ఉంది. ఆయన పోయినట్టు కాగితమేదీ?" "యుద్ధంలో జపాన్ వాళ్ళు లారీ ఎక్కించుకుపోయారు బాబూ. వాళ్ళు కాగితాలిస్తారా?" "అయితే చట్టం లెక్కన ఆయన బతికున్నట్టే. కోర్టులో తేలేసరికి ఏళ్ళు పడుతుంది. ఇంకొకర్ని చూసుకోండి." "అన్నేళ్ళు నేనుండొద్దూ?" అంటూ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి, తాను ఏనాడూ చూడని మామగారి ఫోటో ముందు రోజూలాగే అగరొత్తి వెలిగించబోయి ఆగిపోయింది. కప్పులో టీ పోసి, చైనీయుల పెళ్ళిలో బతికున్న మామగారికి కొత్తకోడలు అందించినట్టు రెండు చేతులా పట్టుకుంది. "మావయ్యగారూ, టీ తాగండి." చల్లారేదాకా అలాగే నిలబడింది.