పుంగనూరులో చూసిన మీసం

మనుషుల బొమ్మలు గీసిన ఒక చిత్రకార దంపతుల గురించి పుస్తకం రాస్తూ, వాళ్ల పటాల కోసం మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లాను. ఏ పటంలో ఎవరి చెయ్యి ఎంతో నాకు అంతుపట్టడం లేదు.

రెడ్డెమ్మ అనే పెద్దావిడ తన భర్త వయసులో ఉన్నప్పటి పటం చూపించింది. నిండు మీసంతో ఠీవిగా ఉన్నాడు.

"మొగం ఆయప్ప గీసినాడు. మీసం మాత్రం ఆయమ్మ పని," అంది. "మా ఇంటాయనకు అప్పుడు మీసమే లేదప్పా. మొగం బోసిగా ఉండాదని ఆయమ్మే పెట్టేసింది."

"మరి ఆయన ఊరుకున్నారా?"

"తుడిచేయమన్నాడు. నాకు నచ్చింది, నేను ఒప్పుకోలేదు."

పక్కనే కుర్చీలో ఉన్న ఆమె భర్త తెల్లని మీసం దువ్వుకుంటూ నవ్వాడు. అది అచ్చం పటంలో ఉన్నట్టే ఉంది.

"ఇంగేం జేసేదప్పా? పటాన్ని మార్చనీలేదు. నేనే మారినా," అన్నాడు.